ప్రొఫెసరు గారి రెండు కాళ్లు

సోమవారం ఉదయం ఉలమిలా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. శనివారం ఏడింటికి రాజధాని సువాలో విశ్వవిద్యాలయం వ్యాను బయలుదేరుతుంది. తొమ్మిదిన్నరకు వునికోకా చేరుతుంది. ఊరివాళ్లకు పరగడుపున షుగరు పరీక్ష, తర్వాత ప్రొఫెసరు గారి ఉపన్యాసం, పన్నెండింటికి ఫోటోలు, మూడింటికి ఎవరిళ్లకు వాళ్లు. ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని, పని అయినప్పుడల్లా టిక్కు పెట్టుకోవడానికి పక్కన గళ్లు కూడా గీసుకుంది. తప్పు జరగడానికి ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

కార్యక్రమం పేరు "ఉయ్యాల నుంచి ఊతకర్ర దాకా". అన్ని వయసుల వారికీ ఆరోగ్య విద్య అని దాని భావం. ఆ పేరు పెట్టింది శాఖాధిపతి ప్రొఫెసరు అపొరోసా. పేరు పెట్టడం వరకే ఆయన చేశారు, మిగతాదంతా ఉలమిలా చేసింది. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు, నూట పద్దెనిమిది కిలోలు. "తీపి తగ్గించండి, నడక పెంచండి" అన్న ముక్కను ఇరవై రెండేళ్లుగా పదకొండు దీవుల్లో చెప్పారు. ఆ పదకొండింటిలో ఏ ఒక్కచోటా ఆయన నడిచిన దాఖలా లేదు. తన నెత్తురు చుక్కను కూడా ఏనాడూ ఏ మిషనుకూ చూపించలేదు. గురివింద గింజ తన నలుపు తానెరగదంటారు, ఈ గురివింద గింజకు పీహెచ్‌డీ కూడా ఉంది.

ఈసారి పాలకమండలి తరఫున శ్రీమతి విద్యావతీ లోచన్ స్వయంగా వస్తోంది. ఆవిడ ఏ శాఖ చూసి వెళ్లినా ఆర్నెల్లలో ఆ శాఖ గదికి తాళం పడుతుందని పేరు. ఆరోగ్య విద్యా శాఖను తీసుకెళ్లి ఆటల శాఖలో కలిపేయాలా వద్దా అన్నది ఆవిడ తేల్చాలి. ఉలమిలాది మూడేళ్ల ఒప్పందపు ఉద్యోగం, డిసెంబరుతో సరి. దాన్ని పొడిగించే కాగితం ప్రొఫెసరు గారి బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తూ పడి ఉంది.

వునికోకాను ఎంచుకోవడానికి కారణం ఉంది. అది ఆమె తల్లి పుట్టిన ఊరు. ఊరి పెద్ద సాకియూసా ఆమెకు సొంత మేనమామ. తల్లి షుగరుతోనే పోయింది. మొదట బొటనవేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఆరేళ్లయింది. ఆ ఊళ్లో ఒక్కరికైనా అలా కాకుండా చూడాలని ఉలమిలాకు నిజంగానే ఉండేది. ఆ కోరికను రాసుకోవడానికి కాగితం మీద గడి లేదు, అంతే.

వునికోకాలో ఫోను పలికేది ఒకే ఒక్కచోట, చర్చి వెనక గుట్ట మీద, సీమపనస చెట్టు కింద. సాకియూసా అక్కడికి ఎక్కి, ఆయాసపడుతూ ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"మావయ్యా, నేను. వినిపిస్తోందా?"

"ఆ, చెప్పమ్మాయ్. గట్టిగా చెప్పు. ఇక్కడ గాలి చెవులు పీకేస్తోంది."

"శనివారం మా ప్రొఫెసరు గారు వస్తున్నారు. ఊరందరికీ షుగరు పరీక్ష చేస్తాం. చిన్నా పెద్దా అందరూ రావాలి. ముందురోజు రాత్రి తిన్నాక, పరీక్ష అయ్యేదాకా ఎవరూ ఏమీ తినకూడదు. చాలా ముఖ్యం మావయ్యా. లేకపోతే ఆయన పరువు పోతుంది."

ఇంత స్పష్టంగా చెప్పిన మాటల్లోంచి గాలి తనకు కావలసినవి తీసుకుని మిగతావి సాకియూసాకు వదిలింది. ఆయన చెవిలో పడింది ఇదీ: "ప్రొఫెసరు గారు... షుగరు... చిన్నా పెద్దా అందరూ... ఏమీ తినకూడదు... చాలా ముఖ్యం మావయ్యా... లేకపోతే ఆయన... పోతుంది."

ఆ తర్వాత ఫోను కూడా పోయింది.

సాకియూసా గుట్ట దిగి చర్చి మెట్టు మీద కూలబడ్డాడు. షుగరొస్తే పోయేదేమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. చెల్లెల్ని ఆసుపత్రి నుంచి ఇంటికి ఎత్తుకొచ్చింది ఆయనే. అదీగాక ప్రొఫెసరుది రేవా వైపు ఊరు. ఆ ఊరికీ వునికోకాకూ తాతముత్తాతల నాటి నుంచీ బావల వరస. ఎదురుపడితే ఒకరినొకరు తిట్టుకునే హక్కు ఇద్దరికీ ఉంది. తిట్టుకునే హక్కున్న మనిషికి కాలు పోతోందంటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది.

ఆయన నేరుగా పాస్టరు ఎమోసి దగ్గరికి వెళ్లాడు.

"ఉపవాస ప్రార్థనా? యూనివర్సిటీ వాళ్లు అడిగారా?" పాస్టరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కిందటి తుఫాను కాలంలో ఆయన ఉపవాసం ప్రకటిస్తే ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఒకడు పెళ్లాం అలిగి వంట చెయ్యకపోవడం వల్ల వచ్చాడు. "చదువుకున్నవాళ్లకి ఇంత భక్తి ఉందని నేననుకోలేదు సుమండీ! ఎన్నాళ్లన్నారు?"

"శనివారం దాకా."

"ఇవాళ సోమవారమేగా! మొదలెట్టేద్దామా?"

"మొదలెడితే శనివారానికి ప్రార్థన చెయ్యడానికి మనుషులు మిగలరు పాస్టరు గారూ."

బేరం సాగి గురువారం సూర్యాస్తమయం దగ్గర తెగింది. పెద్దలకు గురువారం సాయంత్రం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా, పిల్లలకు శనివారం పొద్దుటి పూట ఒక్కటి. వేళ్లు దంచి నీళ్లలో పిసికే కావా తాగేది గనక తిండి కిందికి రాదని పాస్టరు గారు వాక్యం చూడకుండానే తేల్చేశాడు. బుధవారం సాయంత్రం చర్చి ముందు లాలీ, ఊరిని పిలిచే చెక్క డోలు, మోగింది. ఊరంతా వచ్చింది.

అడ్డం తిరిగింది ఒక్క కేలెరా. ఆమె ఊరి ఆరోగ్య కార్యకర్త, నలభై అయిదేళ్ల మనిషి, మాటలో పంచదార ఉండదు.

"దేవుడి పని మీరు చెయ్యండి, కాదన్ను. షుగరు మాత్రలు మింగేవాళ్లు ఈ ఊళ్లో పదిహేడుమంది ఉన్నారు. ఆ పదిహేడుమందీ నా కళ్ల ముందు మూడు పూటలా తింటారు. తిననన్నవాళ్లు కళ్లు తిరిగి పడిపోతే మాత్రం నాకు కబురు పెట్టొద్దు."

కేలెరా దగ్గర షుగరు చూసే మిషను ఉంది గానీ అందులో పెట్టే పట్టీలు లేవు. పట్టీలు పంపమని మూడేళ్లలో విశ్వవిద్యాలయానికి మూడు ఉత్తరాలు రాసింది. మొదటి ఉత్తరానికి ఒక పోస్టరు వచ్చింది. అందులో ఒక తెల్లటి కుటుంబం స్ట్రాబెర్రీలు తింటోంది. వునికోకాలో స్ట్రాబెర్రీని చూసిన మనిషి లేడు. రెండో ఉత్తరానికి క్యాలెండరు వచ్చింది. మూడోదానికి "మీ సేవలకు అభినందనలు" అని ప్రొఫెసరు గారి సంతకంతో ఒక పత్రం వచ్చింది. మిషనును ఆమె ఆ పత్రం ఎగిరిపోకుండా బరువుగా వాడుకుంటోంది.

లాలీ విన్నవాళ్లలో బస్సు డ్రైవరు ఒకడున్నాడు. గురువారం పొద్దున బస్సు ఎక్కడెక్కడ ఆగితే కబురు అక్కడ దిగింది. మొదటి స్టాపులో ప్రొఫెసరు గారికి కాలు తీసేలా ఉంది. మూడో స్టాపులో తీసేశారు. రేవా వంతెన దాటి కబురు ఆయన సొంతూరు చేరేసరికి, పాపం, కాలు లేకపోయినా ఇచ్చిన మాట కోసం పల్లెకు బయలుదేరుతున్న మహానుభావుడు అయిపోయారు.

ఆయన అక్క లైసానీ గుండె బాదుకుని ఫోను చేసింది. ఏడుసార్లు చేసింది. అక్క ఫోను ఎత్తకపోవడం ప్రొఫెసరు గారికి పాతికేళ్ల అలవాటు. ఎత్తితే ఊరెప్పుడొస్తావని అడుగుతుంది.

"ఎత్తలేదంటే ఎత్తే స్థితిలో లేడనేగా!" అందావిడ. వెంటనే చాపలు చుట్టించింది, చుట్టాలను పోగేసింది, లారీ మాట్లాడింది.

శుక్రవారం మధ్యాహ్నం సాకియూసా మళ్లీ గుట్టెక్కాడు. ఆవేళ గాలి లేదు. ప్రతి మాటా గంట కొట్టినట్టు వినపడింది. నష్టం జరిగింది అందువల్లనే.

"అమ్మాయ్, ప్రొఫెసరు గారికి కుర్చీ తయారు చేయిస్తున్నాం."

"మంచి పని చేశావు మావయ్యా. ఆయన కింద కూర్చోలేరు."

"ఎలా కూర్చుంటాడమ్మా, పాపం! మొయ్యడానికి నలుగురు చాలా?"

వ్యానులోంచి దింపాల్సిన పెట్టెలు ఉలమిలా కళ్ల ముందు కదిలాయి. "ఆరుగురైతే మంచిది. బరువెక్కువ."

సాకియూసా గొంతు తగ్గించి అడిగాడు. "ఒకటేనా అమ్మా, రెండూనా?"

కార్యక్రమానికి ఆమె రెండు బ్యానర్లు అచ్చు వేయించింది. ఊళ్లో కట్టడానికి కర్రలు పాతాలి గనక ఎన్నని అడుగుతున్నాడనుకుంది. "రెండూ మావయ్యా. ఒకటి పోయిన వారమే అయిపోయింది. రెండోది ఇవాళ పొద్దున అయింది."

"అయ్యో దేవుడా! ఇంత తొందరగానా?"

"ఏం చేస్తాం, ప్రొఫెసరు గారు తొందరపెట్టారు. కత్తిరించినచోట కొంచెం వంకర వచ్చింది గానీ, దూరం నుంచి చూస్తే తెలీదులే."

సాకియూసా ఫోను జేబులో పెట్టుకుని, సీమపనస చెట్టుకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. బావ ఎంత ధీరుడు! పైగా తనే తొందరపెట్టాడట.

శనివారం వ్యాను వేళకే బయలుదేరింది. ముందు సీట్లో ప్రొఫెసరు గారు, వెనక ఒళ్లో నల్ల పుస్తకంతో లోచన్ గారు, ఆ వెనక పెట్టెల మధ్య ఉలమిలా. దారిలో ప్రొఫెసరు గారు మూడు సీసాల నీళ్లు తాగి, నాలుగుసార్లు వ్యాను ఆపించి పొదల చాటుకు వెళ్లొచ్చారు. "ఎండ" అన్నారు. బయట ముసురు పట్టి ఉంది. రోడ్డు పక్క దుకాణం దగ్గర వెన్న రాసిన బన్నులు నాలుగు, అనాసపండు ఒకటి, గరిటె జారుడు పాలల్లో పంచదార వేసిన టీ రెండు కప్పులు పుచ్చుకున్నారు.

"మీరు తింటున్నారేమిటి? పరగడుపు పరీక్ష అన్నారుగా?" అంది లోచన్ గారు.

"అది వాళ్లకి మేడమ్. మనం చెప్పేవాళ్లం."

ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుంది.

వునికోకా మలుపు తిరగగానే డ్రైవరు బ్రేకు తొక్కాడు. రోడ్డు కనపడలేదు, మనుషులు కనపడ్డారు. వునికోకా, ఉపవాసంలో చేరిన పక్క రెండూళ్లు, లారీ నిండా రేవా చుట్టాలు. ఆడవాళ్లు నల్లబట్టలు కట్టుకుని ఏడుస్తున్నారు. ముందు వరసలో కొత్త వెదురు కుర్చీ, దానికిరువైపులా ఆరుగురు వస్తాదులు. ప్రొఫెసరు గారికి ఛాతీ పొంగింది. ఇరవై రెండేళ్లలో ఆయన ఉపన్యాసానికి ఇంత జనం ఎన్నడూ రాలేదు. తలుపు తీసుకుని, బూట్లు టకటకలాడించుకుంటూ దిగారు.

ఏడుపు టక్కున ఆగింది. మూడు వందలమంది ఆయన మొహం చూడలేదు. కాళ్లు చూశారు.

"రెండూ ఉన్నాయే!" అన్నారెవరో. ఆ గొంతులో కాస్త ఆశాభంగం కూడా ఉంది.

లైసానీ పరుగెత్తుకొచ్చి తమ్ముడి కాళ్ల దగ్గర కూలబడి, ఒకదాని తర్వాత ఒకటి పిక్కలు గిల్లి చూసింది. "కర్రవి కావు! మాంసమే!" అని అరిచింది.

పాస్టరు ఎమోసి ఆకాశంలోకి చేతులెత్తాడు. ఇరవై ఏళ్ల సేవలో ఆయన ప్రార్థనకు వర్షం కూడా సరిగ్గా పడలేదు. "చూడండి! తీసేసిన కాళ్లు తిరిగొచ్చాయి! ఒకటి కాదు, రెండూ! మన ఉపవాసం ఫలించింది!"

"ఏ కాళ్లు? ఎవరు తీశారు?" అన్నారు ప్రొఫెసరు గారు. ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఆరుగురూ ఆయన్ను కుర్చీలో కూలేసి భుజాలకెత్తారు. జనం కీర్తన అందుకున్నారు.

ఊళ్లో కావా మర్యాదలు జరుగుతుండగా సంగతంతా ముక్కలు ముక్కలుగా ఉలమిలాకు తెలిసింది. కుర్చీలో ఉన్నాయన చెవి దగ్గరికి వంగి గుసగుసగా చెప్పేసింది. ప్రొఫెసరు గారు విన్నారు. కోపం రాబోయింది. కానీ కళ్లు జనం మీద పడ్డాయి.

"ఎంతమంది ఉంటారు?"

"లెక్కపెట్టాం సార్. మూడొందల పన్నెండు."

"పోయినసారి ఎంతమంది వచ్చారు?"

"పదకొండు. మన డ్రైవరుతో కలిపి."

ఆయన కావా చిప్ప ఖాళీ చేసి మీసం తుడుచుకున్నారు. "అయితే నా కాళ్ల విషయం నువ్వేం కదపకు."

లోచన్ గారికి ఊరి భాష అంతంతమాత్రం. "వీళ్లంతా ఇందాక ఎందుకు ఏడ్చారు?" అని అడిగింది.

"కృతజ్ఞత మేడమ్. ఆరోగ్య విద్య మనసుకు తగిలితే ఇలాగే ఉంటుంది" అన్నారు ప్రొఫెసరు గారు. ఉలమిలా నేల చూపులు చూసింది.

పరీక్షలు మొదలయ్యాయి. పెట్టెలోంచి పట్టీలు బయటికి తీసినప్పుడు కేలెరా ఒక్క క్షణం వాటిని అరచేతిలో పట్టుకుని చూసింది. మూడేళ్ల ఉత్తరాలకు జవాబు ఇవాళ దొరికింది. తర్వాత చకచకా వేళ్లు పొడవడం మొదలుపెట్టింది. "ఏడు లోపుంటే అటు వెళ్లండి, దాటితే ఈ బెంచీ మీద కూర్చోండి. ఏయ్, సూది చిన్నదే, అంత అరుపెందుకు? రగ్బీలో పళ్లూడినప్పుడు కూడా ఇంత అరవలేదు నువ్వు!"

అక్కడి మిషన్ల లెక్కలో ఏడంటే మన దగ్గర నూట ఇరవయ్యారు. నాలుగు పాయింట్ ఎనిమిది. ఐదూ ఒకటి. నాలుగూ తొమ్మిది. రెండు రోజులుగా గాలి భోంచేసిన ఊరు గనక నెత్తురు సెలయేరులా ఉంది. బెంచీ మీదికి చేరినవాళ్లు కేలెరా తినిపించిన పదిహేడుమందిలో కొందరే. ఆ అంకెలు చూసి లోచన్ గారి కనుబొమలు లేచాయి.

"ఉపన్యాసం ఇంకా కానేలేదు. అప్పుడే ఇంత ఫలితమా?"

"మా కార్యక్రమం పేరు వింటేనే పని మొదలవుతుంది మేడమ్."

ఆవిడ అదీ రాసుకుంది. ప్రొఫెసరు గారు మైకు అందుకుని నోరు కట్టుకోవడం ఎలాగో యాభై నిమిషాలు చెప్పారు. రెండు రోజులు నోరు కట్టుకున్న మూడు వందలమంది విన్నారు. పాకశాల వెనక మట్టి గుంటలో కాలిన రాళ్ల మీద చేపలూ, చేమదుంపలూ, కొబ్బరిపాలు పోసిన చేమాకూ ఉడుకుతున్నాయి. గాలి ఆ వాసనను సరిగ్గా ఇటే తోలుతోంది. "ఆకలి అనేది మనసుకు సంబంధించిన విషయం" అని ఆయన అంటుండగా, ముందు వరసలో ఒక ముసలమ్మ చెయ్యెత్తింది.

"నాయనా, నీ కాళ్లు వచ్చాయి కదా. ఇక కూర్చో."

నవ్వులు ఇంకా సద్దుమణగకముందే సాకియూసా లేచాడు. "బావా, నీకోసం మూడొందలమంది కడుపులు మాడ్చుకున్నారు. అందరి వేళ్లూ అయ్యాయి. నీ వేలు కూడా ఒకసారి చూపించు."

"నాకెందుకు బావా? రాయిలా ఉన్నాను."

"రాయికి నెత్తురు రాదులే. భయమెందుకు?"

"మీ ఊరివాళ్లకి అతిథి మర్యాద తెలీదని మా తాత ఊరికే అనలేదు."

"మీ ఊరివాళ్లు సూదిని చూస్తే చెట్టెక్కుతారని మా తాతా ఊరికే అనలేదు."

"పాఠం కూడా అవుతుంది" అంది లోచన్ గారు పెన్ను ఎత్తి. "ప్రొఫెసరే ముందుంటే బాగుంటుంది కదా. ఫోటో తీయండి."

ఫోటో అన్నాక ప్రొఫెసరు గారు వేలు చాచక తప్పలేదు. కేలెరా పొడిచింది. మిషను కాసేపు ఆలోచించింది. దాని అద్దంలో అంకె రాలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. పాస్టరు గారు తొంగిచూసి కూడబలుక్కుని చదివాడు.

"హెచ్... ఐ... హాయ్! చూశారా, మిషను కూడా ప్రొఫెసరు గారికి హాయ్ చెబుతోంది!"

జనం చప్పట్లు కొట్టారు. ప్రొఫెసరు గారు మిషనుకు చెయ్యి ఊపారు. కేలెరా నవ్వలేదు.

"చేతికి పండు రసం ఏమైనా అంటిందేమో. సబ్బుతో కడుక్కురండి."

కడుక్కొచ్చారు. ఇంకో వేలు, ఇంకో పట్టీ. మళ్లీ అదే.

"ఇది హాయ్ కాదు పాస్టరు గారూ" అంది కేలెరా మెల్లగా. "హై. ఈ మిషను ముప్పైమూడు దాకా లెక్కపెడుతుంది. ఆ పైన ఎంతుందో దానికి చేతకాదు."

ఏడు దాటితే బెంచీ అని పొద్దుటి నుంచీ విన్న ఊరికి ముప్పైమూడంటే ఎంతో విప్పి చెప్పక్కర్లేదు. ఎక్కడి చప్పట్లు అక్కడ ఆగిపోయాయి. ప్రొఫెసరు గారు పళ్లు కనపడేలా నవ్వుతూనే, నమోదు పుస్తకం పట్టుకున్న ఉలమిలా వైపు వంగారు.

"ఐదూ రెండు అని రాయి."

"సార్..."

"నీ కాగితం నా బల్ల మీదుంది. సోమవారం సంతకం పెడతాను. ఐదూ రెండు."

ఉలమిలా పెన్ను కాగితానికి ఆనింది గానీ కదల్లేదు. ఆమెకు అమ్మ గుర్తొచ్చింది. ఒకరోజు అమ్మ సముద్రం నుంచి వచ్చి, గడపలో కూర్చుని, అరికాల్లో సగం దిగిన గవ్వ పెంకును చూసి ఆశ్చర్యపోయింది. "ఇదెప్పుడు గుచ్చుకుందే? నాకు తెలియనే లేదు" అని నవ్వింది. అందరూ నవ్వారు. ఎనిమిది నెలల తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆమె రాసింది. హెచ్, ఐ. గడి నిండేలా పెద్దక్షరాలతో రాసి, పుస్తకాన్ని లోచన్ గారి వైపు తిప్పింది. తర్వాత ప్రొఫెసరు గారితో అంది.

"సార్, బూట్లు విప్పండి."

"ఏమిటిది? నేను మీ శాఖాధిపతిని!"

"విప్పరా!" అంది లైసానీ. ఆయన కదిలేలోపే ఆవిడ నేల మీద కూర్చుని లేసులు లాగేసింది. ఎడమ బూటు బాగానే ఉంది. కుడి బూటు విప్పి దులిపితే చాప మీద టింగుమని ఒక సీసా మూత పడింది. కూల్‌డ్రింకు సీసా మూత, రంపపు అంచుది. మేజోడు అడుగున చారెడు మేర తడిసి నల్లబడి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి ఉంది ఇది?" అంది కేలెరా.

ప్రొఫెసరు గారు ఆ మూతను వేరెవరి బూటులోంచో పడ్డట్టు చూశారు. "బుధవారం మీటింగులో... బల్ల కింద బూట్లు విప్పుకుని కూర్చున్నాను... సీసా తీసినప్పుడు ఎగిరి ఎటో పడింది." గొంతులో మైకు పోయింది. "నాకేం తెలియలేదు."

సాకియూసా వచ్చి ఆయన పక్కన చాప మీద కూర్చున్నాడు. "నొప్పి లేదా బావా?"

"లేదు."

"మా చెల్లెలూ లేదనే చెప్పింది."

ఆ పూటకు ఇద్దరి మధ్యా వేళాకోళం అంతటితో అయిపోయింది. కేలెరా గాయం కడిగి కట్టు కట్టింది. పాస్టరు గారు నసుగుతూ వచ్చి, "మరి అద్భుతం సంగతి?" అని చిన్నగా అడిగాడు.

"అద్భుతమే" అందామె గుడ్డ ముడి బిగిస్తూ. "ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే మీరు చెప్పినదాంట్లో తీసెయ్యడం వరకూ నిజమయ్యేది."

ప్రొఫెసరు గారిని వెంటనే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లారీ వెనక్కి తిప్పుతుండగా ఉలమిలా లోచన్ గారి దగ్గరికి వెళ్లి మొదటి ఫోను కాల్ నుంచి బ్యానర్ల దాకా ఒక్కటీ దాచకుండా చెప్పేసింది. ఇక పోయేదేముంది, ఉద్యోగం ఎలాగూ పోయింది. ఆవిడ పెన్ను మూసి విన్నది.

"అయితే ఈ మూడు వందలమంది మీ ఉపన్యాసానికి రాలేదు."

"లేదు మేడమ్."

"ఆయన కాళ్ల కోసం వచ్చారు."

"అవును."

"ఈ పరీక్షలు చేసినావిడ మీ శాఖలో పని చేస్తుందా?"

"లేదు మేడమ్. ఆవిడ పట్టీలు అడిగితే మేం క్యాలెండరు పంపాం."

లోచన్ గారు నల్ల పుస్తకం మూసి, "భోజనం పెడుతున్నట్టున్నారు. పదండి" అంది. రెండు రోజుల ఆకలి ఆ రోజు మట్టి గుంటను అడుగు దాకా ఊడ్చింది. ప్రొఫెసరు గారికి మాత్రం కేలెరా గుప్పెడు చేపముక్కలూ, దోసెడు ఆకుకూరా ఆకులో కట్టి లారీలో అక్క చేతికిచ్చింది. "దారిలో బన్నులు అడుగుతాడు. కొనొద్దు."

ప్రొఫెసరు గారు ఇరవై మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. చిటికెనవేలు పోయింది, కాలు దక్కింది. లైసానీ అన్ని రోజులూ మంచం పక్కనే కూర్చుని, ఊరెప్పుడొస్తావని రోజుకు మూడుసార్లు అడిగింది. నాలుగో వారం ఆయన ఉలమిలాను పిలిపించి, ఆమె కళ్లలోకి చూడకుండా కాగితం మీద సంతకం పెట్టారు. "ఐదూ రెండు రాసి ఉంటే ఈపాటికి..." అని మొదలుపెట్టి, వాక్యం పూర్తి చెయ్యలేదు. జీవితంలో ఆయన మధ్యలో ఆపిన మొదటి వాక్యం అదే.

లోచన్ గారి నివేదిక ఒకటిన్నర పేజీ. శాఖను మూయలేదు. కేలెరాకు నెలనెలా పట్టీలు పంపమని రాసింది. చివర ఇంకొక్క సిఫారసు చేసింది. పల్లెలకు ఆరోగ్య విద్య నేర్పే ముందు, ఒక పల్లె వచ్చి విశ్వవిద్యాలయానికి నేర్పితే బాగుంటుందని.

మార్చిలో ఒక గురువారం వునికోకా లారీ సువాలో విశ్వవిద్యాలయం గేటు ముందు ఆగింది. కేలెరా బల్ల వేసుకుంది. సాకియూసా వరస నిలబెట్టాడు. పాస్టరు గారు మొదటివాళ్లు రాకముందే ప్రార్థన మొదలెట్టేశాడు. ఆచార్యులు, గుమాస్తాలు, తోటమాలులు, కాపలావాళ్లు, అందరూ పరగడుపున రావాలని ఉలమిలా వారం ముందే అన్ని శాఖలకూ రాతపూర్వకంగా, స్పష్టంగా, గాలి లేని చోట కూర్చుని తెలియజేసింది.

ఉదయం ఫలహారం ఏర్పాటు ఉంటుందా అని మొదట జవాబు రాసింది పోషకాహార శాఖ.